అందించువాడు: ఫ్రిట్జ్ వాల్టర్ క్రీడాజీవితము

ఫుట్‌బాల్ పోటీని రేడియోలో వినునప్పుడు మన చెవులలో నిలిచిపోవునది గోల్ చేసినవాని పేరు. వ్యాఖ్యాత కంఠము హెచ్చును; జనుల కేకలలో మాటలు మునిగిపోవును; ఆ పేరు మాత్రము పైకి తేలును. కాని ఆ కేకలకు ఒక్క క్షణము ముందు వ్యాఖ్యాత మరియొక పేరు పలికియుండును. ఎవడో ఒకడు మైదానము నడుమ నిలిచి, తలయెత్తి చూచి, బంతిని తగిన చోటికి తగిన వేళకు పంపియుండును. ఆ పేరును మనము వినియు విననట్లే మరచిపోవుదుము.

ఆ రెండవ పేరు గలవానిని గురించియే ఈ ప్రసంగము. మైదానపు నడిమి భాగమున ఆడువానిని మిడ్‌ఫీల్డర్ అందురు. గోల్ చేయుటకంటె, గోల్ చేయు అవకాశమును తోడివానికి అందించుట అతని ముఖ్యమైన పని. ఈ విద్యలో జర్మను దేశము తలచికొను తొలి పేర్లలో ఒకటి ఫ్రిట్జ్ వాల్టర్. 1954లో ప్రపంచ కప్పు గెలిచిన పశ్చిమ జర్మనీ జట్టునకు ఇతడే నాయకుడు. ఇతని కథలో ఆటతోపాటు యుద్ధము, చెర, లేమి, స్నేహము కలవు. అన్నిటికంటె మిన్నగా ఒక ప్రశ్న కలదు. తన శక్తిని తానే పూర్తిగా నమ్మలేని మనిషి, తక్కిన పదిమందికి నమ్మకము నెట్లు కలిగింపగలిగెను?

ఫ్రిట్జ్ వాల్టర్ 1920 అక్టోబరు 31వ తేదీన కైజర్స్‌లౌటర్న్ పట్టణమున జన్మించెను. జర్మనీకి నైరుతి దిక్కున, ఫ్రాన్సు సరిహద్దునకు అనతిదూరమున ఈ పట్టణమున్నది. బెర్లిన్, మ్యూనిక్ నగరములతో పోల్చదగినంత పెద్దది కాదు. తలిదండ్రులు ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బునకు చెందిన భోజనశాలను నడుపుచుండిరి. కావున ఆటగాండ్ర మాటలు, గెలుపోటముల చర్చలు ఆ బాలునకు ఉగ్గుపాలతోడనే అలవడినవి. 1928లో, ఇంకను పసివాడుగా ఉండగానే, క్లబ్బు బాలుర జట్టులో చేరెను. పదునేడవ యేట పెద్దల జట్టున ఆడనారంభించెను. ఇతని తరువాత తమ్ముడు ఓట్‌మర్ కూడ అదే దారి పట్టెను.

ఇతని ఆటను అర్థము చేసికొనుటకు ఆనాటి జట్టు నిలుచు తీరును కొంచెము తెలిసికొనవలెను. గోల్‌కీపరును విడిచి తక్కిన పదిమందిలో ముగ్గురు వెనుక నిలిచి గోల్‌ను కాచుచుండిరి. వారికి ముందు ఇద్దరు. ఆ ఇద్దరికి ముందు మరి ఇద్దరు. అందరికంటె ముందు దాడి చేయుటకు ముగ్గురు. నడుమనున్న నలుగురిలో ముందున్న ఇద్దరిని ఇన్‌సైడ్ ఫార్వర్డులని పిలిచెడివారు. ఫ్రిట్జ్ వాల్టర్ స్థానమది. వెనుకకు వచ్చి రక్షకులనుండి బంతిని గైకొనుట, గిరుక్కున తిరుగుట, ముందు పరుగిడు వానికి దానిని అందించుట ఇతని పని. ముందుండువాడు ఎదుటి గోల్‌ను చూచును. వెనుకనుండువాడు తన గోల్‌ను తలచును. నడుమనుండువాడు మాత్రము రెండు దిక్కులను చూడవలెను.

మన పెండ్లి భోజనములలో వడ్డనకు నిలిచినవానిని తలచికొనుడు. ఎవరి విస్తరిలో ఏది నిండుకొన్నదో కనిపెట్టుట అతని నేర్పు. వడ్డించువాడు మనవాడైనచో కడబంతిని కూర్చున్నను లోటు లేదని సామెత. ఫుట్‌బాల్ మైదానమున కడను, గీతకు ఆనుకొని నిలుచు ఆటగానికి కూడ ఈ మాట వర్తించును. నడుమనున్నవాడు తన్ను చూచుచున్నాడని ఎరిగిననాడే అతడు ధైర్యముగా పరుగెత్తగలడు.

జర్మనీ జాతీయ జట్టునకు అప్పటి శిక్షకుడు సెప్ హెర్‌బెర్గర్. ఆటగాండ్ర గుణదోషములను నోటు పుస్తకములలో వ్రాసికొని, వారి మనస్సులను చదువుచుండెడి మనిషి. ఆయన పిలుపుపై ఫ్రిట్జ్ వాల్టర్ 1940 జూలై 14న ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున రుమేనియాతో తన తొలి అంతర్జాతీయ పోటీని ఆడెను. జర్మనీ 9-3 తేడాతో గెలిచెను. అందు మూడు గోల్స్ ఈ పందొమ్మిదేండ్ల యువకునివి. కాని ఆ తేదీని మరువరాదు. అప్పటికి హిట్లరు సేనలు పారిస్‌లో ఉన్నవి. అట్టి వేళ ఆడిన ఆటలు ఆ ప్రభుత్వపు ప్రచారమునకు కూడ ఉపకరించినవనుట సత్యము. ఆటగానికి కీర్తి తెచ్చిన ఏండ్లే దేశమునకు, ప్రపంచమునకు చెప్పరాని దుఃఖమును తెచ్చినవి.

1942లో జాతీయ జట్టు ఆటలు ఆగిపోయినవి. ఫ్రిట్జ్ వాల్టర్ అప్పటికే సైనికుడు. యుద్ధకాలమున ఇతనికి మలేరియా సోకెను. కొంతకాలము హెర్మన్ గ్రాఫ్ అను వైమానికుడు కూర్చిన సైనికుల ఫుట్‌బాల్ జట్టులో ఆడెను. 1945లో యుద్ధము ముగియగానే ఆ దళము అమెరికనులకు లొంగిపోయెను. అమెరికనులు వారిని సోవియట్ సేనలకు అప్పగించిరి. ఇప్పుడు రుమేనియా ఉత్తరపు కొసనున్న సీగెట్ పట్టణపు బందీల శిబిరమునకు ఇతడు చేరెను. అక్కడినుండి బందీలను తూర్పునకు, సోవియట్ దేశపు దూరప్రాంతములకు పంపుచుండిరి. అట్లు పోయినవారిలో ఎందరో తిరిగి రాలేదు.

ఆ శిబిరమున కావలివారు తీరికవేళల ఫుట్‌బాల్ ఆడుచుండిరి. ఫ్రిట్జ్ వాల్టర్ వారి ఆటలో చేరెను. వారిలో హంగేరీ దేశీయుడొకడు ఇతనిని గుర్తుపట్టెను. 1942 మే నెలలో బుడాపెస్ట్ నగరమున హంగేరీ, జర్మనీ జట్లు తలపడినవి. విరామవేళకు 3-1 ముందున్న హంగేరీ తుదకు 3-5 ఓడిపోయెను. ఆ కావలివాడు ఆనాటి ఆట చూచినవాడు. తన దేశపు జట్టును ఓడించినవానిపై పగ పూనుటకు మారుగా, అతడు ఇతని పక్షమున మాట్లాడినాడు. తూర్పునకు పోవువారి జాబితానుండి ఫ్రిట్జ్ వాల్టర్ తప్పింపబడెను. 1945 అక్టోబరులో ఇల్లు చేరెను. పేరైనను చరిత్రకెక్కని ఒక మనిషి, ఆట చూచిన కృతజ్ఞతతో అందించిన ప్రాణదానమది. అందించుటయే వృత్తిగా గల ఆటగాడు, తన జీవితమున అందుకొన్నవానిలో ఇంతకు మించినది లేదు.

కైజర్స్‌లౌటర్న్ అప్పుడు బాంబులకు దెబ్బతిన్న పట్టణము. అన్నవస్త్రములకే కరవు. ఆ దినములలో జర్మను జట్లు పల్లెలకు పోయి ఆడి, బంగాళాదుంపలు, పిండి మొదలగు ఆహారపదార్థములను ప్రతిఫలముగా తెచ్చికొనుట కద్దు. ఫ్రిట్జ్ వాల్టర్ క్లబ్బు జట్టును మరల కూడగట్టెను. తాను ఆడుటయే గాక చిన్నవారికి ఆట నేర్పెను. తమ్ముడు ఓట్‌మర్, లీబ్రిష్, కోల్‌మేయర్, ఎకెల్ మున్నగువారితో ఆ చిన్న ఊరి జట్టు 1951లోను, మరల 1953లోను జర్మనీ విజేతగా నిలిచెను.

ఆటగాండ్రకు వృత్తి అను మాట ఆనాడు నేటి అర్థమున వర్తింపదు. 1948లో ఏర్పడిన నియమముల ప్రకారము జర్మనీ క్లబ్బులు ఆటగాండ్రతో ఒప్పందము చేసికొనవచ్చును గాని, నెలకు 320 మార్కులకు మించి జీతమీయరాదు. కావున పేరుమోసిన ఆటగాడు కూడ వేరొక బ్రతుకుతెరువు చూచుకొనవలసియుండెను. ఇట్టి స్థితిలో స్పెయిను దేశపు అట్లెటికో మాడ్రిడ్ క్లబ్బు ఫ్రిట్జ్ వాల్టరునకు పెద్ద మొత్తము చూపి రమ్మని పిలిచెను. భార్య ఇటాలియాతో ఆలోచించి, ఇతడు పోనని చెప్పెను. తన ఊరు, తన జట్టు, తన హెర్‌బెర్గర్ ఇచ్చటనే ఉన్నారని ఇతని భావము. పోయినవారిని తప్పుపట్టుటకు కాదు ఈ మాట చెప్పుట. పదిమందిని ఒక్క త్రాటిపై నడుపు ఆట ఇతనిది. వారిని విడిచిన ఆ ఆట ఎట్లు సాగునని ఇతడు తలచియుండును.

జర్మనీకి 1950లో అంతర్జాతీయ పోటీలలో మరల ప్రవేశము లభించెను. 1951లో ఫ్రిట్జ్ వాల్టర్ జాతీయ జట్టులోనికి వచ్చునప్పటికి ముప్పది యేండ్లవాడు. ఆటగాని వయస్సులో మేలైన ఎనిమిదేండ్లకు పైగా అంతర్జాతీయ ఆట లేకుండ గడచిపోయినవి. హెర్‌బెర్గర్ ఇతనినే నాయకునిగా నియమించెను. కాని ఈ నాయకుడు గర్జించువాడు కాడు. మిక్కిలి సుకుమారమైన మనస్సు. ఒక ఆట చెడిన దినములతరబడి కుమిలిపోవును. పత్రికలలో వచ్చిన నిందను మరువలేడు. ఆటకు స్వస్తి చెప్పుదునా యని ఆలోచించును. హెర్‌బెర్గర్ తండ్రివలె బుజ్జగించి మరల నిలబెట్టుచుండెను. ఇతని సందేహమును ఆయన లోపముగా చూడలేదు. తన్ను తాను నిత్యము ప్రశ్నించుకొనువాడు తోడివాని కష్టమును త్వరగా గుర్తించునని ఆ గురువు ఎరుగును.

1954 ప్రపంచ కప్పు పోటీలు స్విట్జర్లండ్ దేశమున జరిగినవి. వానికి కొలది వారముల ముందు, మే 23న, జర్మనీ విజేతను నిర్ణయించు పోటీలో కైజర్స్‌లౌటర్న్ జట్టు హానోవర్ జట్టు చేతిలో 1-5 ఓడిపోయెను. అయినను హెర్‌బెర్గర్ ఆ ఓడిన జట్టునుండియే ఐదుగురిని తీసికొనెను. విమర్శలు చెలరేగినవి. ఆయన చలింపలేదు. థూన్ సరస్సు ఒడ్డున స్పీట్స్ అను చోట జట్టునకు బస యేర్పరచి, చింతాక్రాంతుడగు ఫ్రిట్జ్ వాల్టరునకు గదిలో తోడుగా హెల్ముట్ రాన్‌ను ఉంచెను. రాన్ కుడివైపు కడను ఆడువాడు. నవ్వుచు, నవ్వించుచు ఉండువాడు. దిగులు పడువానికి నవ్వించువానిని జతచేయుట ఆ గురువు చేసిన చికిత్స.

జర్మనీ తొలుత టర్కీని 4-1 ఓడించెను. రెండవ ఆటలో హంగేరీ చేతిలో 3-8 చిత్తుగా ఓడెను. హెర్‌బెర్గర్ ఆనాడు పలువురు ముఖ్యులకు విశ్రాంతినిచ్చినను, ఫ్రిట్జ్ వాల్టర్ మాత్రము మైదానముననే ఉండి ఆ ఓటమినంతయు అనుభవించెను. పిమ్మట టర్కీపై 7-2, యుగోస్లావియాపై 2-0 గెలుపులు వచ్చినవి. జూన్ 30న ఆస్ట్రియాపై 6-1 విజయములో అన్నదమ్ములిద్దరు చెరి రెండు గోల్స్ చేసిరి. తుది పోటీలో ఎదురైనది మరల హంగేరీయే. పుష్కాష్, కోచిష్, హిదెగ్‌కుటి, బోజిక్ వంటి మహామహులు గల ఆ జట్టు 1952 ఒలింపిక్ విజేత. 1953 నవంబరులో ఇంగ్లండును లండనులోనే 6-3 ఓడించెను. 1950 నుండి దానికి ఓటమి యన్నదే లేదు.

1954 జూలై 4. బెర్న్ నగరపు వాంక్‌డోర్ఫ్ మైదానము. ఆనాడు వాన కురిసెను. మలేరియా సోకిననాటినుండి ఎండవేడిమి ఫ్రిట్జ్ వాల్టరునకు సరిపడదు. చల్లని వానలో ఇతని శరీరము తేలికపడును. తడిసిన బంతి ఇతరుల పాదముల జారిపోవుచుండగా ఇతనికి మాత్రము చెప్పినట్లు వినును. చినుకులు పడు దినమును జర్మనులు నేటికిని ఫ్రిట్జ్ వాల్టర్ వాతావరణమని అందురు. ఆ దినముననే పాదరక్షల తయారీదారుడు ఆడి డాస్లర్ జర్మను ఆటగాండ్ర బూట్లకు మరలతో బిగించు పొడవైన మేకులను అమర్చెను. బురదనేలలో అవి పట్టునిచ్చినవి.

ఆట మొదలైన ఎనిమిది నిమిషములకే హంగేరీ రెండు గోల్స్ చేసెను. పదునాలుగు దినముల క్రిందటి 3-8 అందరికిని జ్ఞప్తికి వచ్చియుండును. కాని పదవ నిమిషమున మోర్లాక్ ఒక గోల్ చేసెను. పదునెనిమిదవ నిమిషమున జర్మనీకి కార్నర్ లభించెను. మూలనుండి బంతిని తన్నినవాడు ఫ్రిట్జ్ వాల్టర్. అది గోల్‌కీపరును దాటి ఆవలివైపున నిలిచిన రాన్‌ను చేరెను. గోల్! ఆట సమమయ్యెను. తరువాత గంటకు పైగా హంగేరీ దాడి చేయుచునే ఉండెను. గోల్‌కీపర్ టూరెక్ అడ్డుపడెను. గోల్ కంబము అడ్డుపడెను. కోల్‌మేయర్ గీతవద్ద అడ్డుపడెను. 84వ నిమిషమున తనవద్దకు వచ్చిన బంతిని రాన్ ఎడమకాలితో నేలబారుగా కొట్టెను. 3-2. పుష్కాష్ మరల గోల్ చేసినను అది ఆఫ్‌సైడ్ అని త్రోసివేయబడెను. జూల్ రిమే తన పేరుగల కప్పును స్వయముగా ఫ్రిట్జ్ వాల్టర్ చేతికి ఇచ్చెను. ప్రపంచ కప్పును కలిసి గెలిచిన తొలి సోదరులు ఫ్రిట్జ్, ఓట్‌మర్.

గమనింపుడు: ఆ తుది పోటీలో నాయకుడు ఒక్క గోలైనను చేయలేదు. రెండు గోల్స్ చేసిన రాన్ పేరు ఇంటింట మారుమ్రోగెను. కాని కడబంతిని కూర్చున్న ఆ రాన్‌కు మొదటి గోల్ వేళ వడ్డించినదెవరో మనకు తెలియును.

ఈ ఘట్టమున రేడియో పాత్రను చెప్పకుండుట ప్రసారకవృత్తిలో నున్నవానికి సాధ్యము కాదు. పోటీ టెలివిజనులో కూడ ప్రసారమైనను, ఆనాడు జర్మనుల ఇండ్లలో టెలివిజను అరుదు. కోట్లాది జనులు వినినది హెర్బెర్ట్ త్సిమ్మెర్‌మన్ రేడియో వ్యాఖ్యానము. టూరెక్ ఆపిన ఒక బంతిని చూచి పరవశుడై ఆయన ఆ గోల్‌కీపరును ఫుట్‌బాల్ దేవుడనెను. దైవదూషణమని కొందరు ఆక్షేపింపగా తరువాత క్షమాపణ చెప్పవలసివచ్చెను. మూడవ గోల్ పడగానే నాలుగుమార్లు గోల్ అని కేకవేసి, పిమ్మట కొన్ని క్షణములు మాటరాక నిలిచిపోయెను. రేడియోలో మౌనము దోషమందురు. ఆ మౌనము మాత్రము మాటకంటె ఎక్కువ చెప్పెను. ఆ పోటీ సంపూర్ణ చలనచిత్రము నేడు లభింపదు. ఆ కంఠము మాత్రము నిలిచియున్నది.

ఆ విజయము యుద్ధపాపమును కడిగినదని ఎవరైనను అన్నచో అది అతిశయోక్తి. ఒక ఆట అంత భారమును మోయజాలదు. కాని శిథిలముల నడుమ తొమ్మిదేండ్లు తలవంచుకొని బ్రదికిన సామాన్యులు, ఎవరిని బాధింపని ఒక సంతోషమును ఆనాడు పంచుకొనిరి. దానికి నిలువెత్తు రూపముగా వారు చూచినది డంబము లేని ఈ నాయకునినే.

1956 అక్టోబరు 6న కైజర్స్‌లౌటర్న్ జట్టు అప్పటి తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగరమునకు పోయి లక్షమంది యెదుట ఆడెను. ఎగిరివచ్చిన బంతి తన్ను దాటి వెనుకకు పోవుచుండగా, ఫ్రిట్జ్ వాల్టర్ ముందుకు పడిపోవుచునే మడమతో దానిని తలమీదుగా గోల్‌లోనికి కొట్టెను. 5-3 గెలిచిన ఆ ఆటలో ఇతని గోల్‌ను నేటికిని ముచ్చటించుకొందురు. కప్పుగాని బహుమానముగాని లేని స్నేహపు పోటీలో, విడిపోయిన దేశపు రెండవ భాగమున చేసిన గోల్ అది.

1958లో ముప్పదియేడేండ్ల వయస్సున హెర్‌బెర్గర్ కోరికపై మరల ప్రపంచ కప్పునకు పోయెను. జూన్ 24న గోటెబోర్గ్ నగరమున స్వీడనుతో సెమీఫైనల్. ఆట 1-1 సమముగా ఉండగా జర్మను ఆటగాడొకడు బహిష్కృతుడయ్యెను. పిమ్మట ఫ్రిట్జ్ వాల్టర్ కాలికి గాయమయ్యెను. గాయపడినవానికి మారుగా వేరొకనిని దింపు నియమము ఆనాడు లేదు. జర్మనీ 1-3 ఓడెను. జాతీయ జట్టులో ఇతని ఆట అంతటితో ముగిసెను. మొత్తము 61 పోటీలు, 33 గోల్స్. ఆ యేడే జాతీయ జట్టు గౌరవనాయకుడను బిరుదు తొలిసారిగా ఇతనికి లభించెను. 1959లో క్లబ్బు ఆటనుండియు విరమించెను.

ఆట విడిచిన పిమ్మట ఇతడు చేసిన పనులలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఒకటి కలదు. హెర్‌బెర్గర్ పేరిట 1977లో ఏర్పడిన ధర్మసంస్థ పక్షమున ఇతడు చెరసాలలకు పోయి ఖైదీలతో మాట్లాడుచుండెను. గొప్పవాడు దయతో చేసిన పరామర్శగా దీనిని చూడరాదు. ఒకప్పుడు తాను కూడ ముళ్లకంచె లోపల నిలిచినవాడు. అపరిచితుడొకడు తన్ను మనిషిగా గుర్తించుటచేత ఇల్లు చేరినవాడు. తనకు అందినదానిని ఇంకొకరికి అందించుట ఇతనికి బాగుగా తెలియును.

1985లో కైజర్స్‌లౌటర్న్ క్రీడామైదానమునకు ఇతని పేరు పెట్టిరి. 2002 జూన్ 17న ఫ్రిట్జ్ వాల్టర్ మరణించెను. 2006 ప్రపంచ కప్పు పోటీలలో కొన్ని ఆ మైదానముననే జరిగినవి. చూచుటకు ఇతడు లేడు. ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య స్వర్ణోత్సవ సందర్భమున, గత ఏబదియేండ్లలో తమ మేటి ఆటగాడెవరో ప్రతి దేశమును తెలుపుమనగా, జర్మను ఫుట్‌బాల్ సంఘము ఎందరో విఖ్యాతులుండగా ఇతని పేరునే పంపెను.

మొదట వేసికొన్న ప్రశ్నకు సమాధానము ఇందే కలదు. తన్ను తాను నమ్మలేకపోయినను ఫ్రిట్జ్ వాల్టర్ తోడివారిని నమ్మెను. బంతిని అందించుట యనగా, దానిని నీవు వ్యర్థము చేయవని మాటలు లేకుండ చెప్పుట. ఆ నమ్మకమును అందుకొన్నవాడు తన శక్తికి మించి పరుగెత్తును. ఇకమీద మీ యింట రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానము వినవచ్చినప్పుడు, గోల్ కేకకు ముందు వినబడు ఆ పేరును ఒక్కసారి చెవియొగ్గి వినుడు.